ఇరవై ముగ్గురు కొడుకులు

మా అనకాపల్లి వైపు మాట వినని కుర్రాణ్ణి బెదిరించడానికి మూడు మాటలున్నాయి. చిన్నతనంలో అయితే “బూచాడికి పట్టిచ్చేస్తాను” అంటారు. కొంచెం ఎదిగాక “చదువు మాన్పించి గానుగ దగ్గర పెడతాను” అంటారు. మీసం మొలిచే వయసు వచ్చి, రెండు మూడు సార్లు ఇల్లు విడిచి పారిపోయిన తరవాత మాత్రం “నిన్ను హోములో పడేస్తాను” అంటారు. మొదటి రెండు బెదిరింపుల సంగతి ఎలా ఉన్నా, ఆ మూడో బెదిరింపులో నేను ఆరేళ్ళు కాపురమున్నాను.

2017 జూన్‌లో చేరాను. 2023 జూన్‌లో మానుకున్నాను. నా ఉద్యోగం పేరు ‘హౌస్ ఫాదర్’. ఈ పేరు విని మా అత్తగారు నేను కిరస్తానంలో కలిసిపోయాననే అనుకుంది. “ఇంత వయసొచ్చాక ఇదేం బుద్ధమ్మా!” అని మా ఆవిడ దగ్గర కళ్ళ నీళ్ళు పెట్టుకున్నదిట. ఫాదరంటే పాదిరీ కాదనీ, పిల్లలతో పాటే తిని, వాళ్ళ దగ్గరే పడుకుని, వాళ్ళకంటే ముందు లేచే మనిషనీ నేను వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, “అయితే నాయనా, నీ ఇంట్లో ఎవరు పడుకుంటారు?” అని అడిగింది. పెద్దవాళ్ళు ఒక్కొక్కప్పుడు అసలు ప్రశ్నే అడుగుతారు.

అంతకు ముందు పందొమ్మిదేళ్ళు నేను బెల్లం మార్కెట్టులో ఒక కమీషను వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. మార్కెట్టుకు వచ్చే సరుకు ఏటా తగ్గిపోతూ ఉండేది. చెరకు వేసేవాళ్ళు తగ్గారు, గానుగలు మూతపడ్డాయి. ఇక అక్కడ ఇద్దరు గుమాస్తాలు అనవసరమని మా షావుకారుకు తెలియక ముందే నాకు తెలిసింది. అప్పుడు ఊరికి కాస్త ఎడంగా చెరకు తోటల మధ్య ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థవారి పిల్లల గృహంలో మనిషి కావాలన్నారు. వెళ్ళాను. జీతం కిరాణా కొట్టులో పద్దులు రాసేవాడికి వచ్చే పాటిదే. తిండి, పడక అక్కడే. గవరపాలెంలో మా ఇంటికి వారానికొక రోజు సెలవు మీద వచ్చేవాణ్ణి.

ఆ గృహం పేరు ఇక్కడ చెప్పను. పిల్లల పేర్లయితే అసలే చెప్పను. 2015 నాటి జువనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను ప్రకారం అలాంటి పిల్లల ఆనవాలు పత్రికల్లో బయటపెడితే ఆరు నెలల దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, లేకపోతే రెండూనో పడవచ్చు. చట్టం లేకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదు. మన ఊళ్ళల్లో ఒకసారి పడ్డ పేరు పెళ్ళి సంబంధాల దాకా వెంట వస్తుంది.

పిల్లలు మా దగ్గరకు రెండు దారుల్లో వచ్చేవారు. ఇల్లు వదిలి పారిపోయి రైలు స్టేషన్లలో దొరికినవాళ్ళు, కన్నవాళ్ళు లేనివాళ్ళు, ఉన్నా లేనట్టే అయినవాళ్ళు ఒక రకం. అలాంటి కుర్రాడు దొరికితే ప్రయాణానికి పట్టే కాలం తీసేసి ఇరవై నాలుగు గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరు పెట్టాలి. సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. అందులో ఒకరైనా స్త్రీ ఉండాలి. రెండో రకం, ఏదో ఒక కేసులో ఇరుక్కున్నవాళ్ళు. వీళ్ళ సంగతి చూసేది జువనైల్ జస్టిస్ బోర్డు. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు కూర్చుంటారు. బోర్డు కొందరు పిల్లల్ని, ప్రవర్తన బాగుండాలన్న షరతు మీద, మూడేళ్ళకు మించని గడువుకి తగిన సంస్థకు అప్పగించవచ్చు. అలా అప్పగించినవాళ్ళు మా దగ్గర ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవారు. అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న గాని ఏర్పడలేదు గదా. కాబట్టి అప్పట్లో ప్రతి కాగితానికీ విశాఖపట్నం పరుగెత్తవలసిందే.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిదేమీ కాదు. మద్రాసు రాష్ట్రంలో 1920లోనే బాలల చట్టం వచ్చింది. దేశంలో అదే మొదటిది. బెంగాలు 1922లోను, బొంబాయి 1924లోను చేసుకున్నాయి. పాతకాలపు వాళ్ళు ఇప్పటికీ ఇలాంటి చోటుని ‘బోర్‌స్టలు’ అంటూ ఉంటారు. అది ఇంగ్లండులో కెంటు ప్రాంతంలో ఒక పల్లె పేరు. 1902లో అక్కడ కుర్ర నేరస్థుల కోసం ఒక జైలు తెరిచారు. తరవాత మన దేశమంతటికీ కలిపి 1986లో ఒక చట్టం, 2000లో ఒకటి, 2015లో ఇప్పుడున్నది వచ్చాయి. చట్టాల సంగతి ఇంతటితో చాలు. చట్టం పగటిపూట పనిచేస్తుంది. మా ఉద్యోగమంతా రాత్రిపూటే.

పగలు ఎవరైనా నెగ్గుకురావచ్చు. అయిదింటికి లేపడం, పళ్ళు తోమించడం, ఉప్మా దగ్గర తగువులు తీర్చడం, బడికి పోయేవాళ్ళను పంపడం, పోనివాళ్ళకు లెక్కలు చెప్పడం. వంట చేసే ఆవిడ పక్క ఊరినుంచి వచ్చేది. పిల్లలందరూ ఆవిణ్ణి ‘పిన్ని’ అనేవారు, నన్ను ‘మాస్టారు’ అనేవారు. ఫాదరని ఒక్కడూ పిలిచిన పాపాన పోలేదు. సాయంకాలం కబాడీ, ఏడింటికి టీవీ, ఎనిమిదిన్నరకు అన్నం. పన్నెండు మొదలు పద్ధెనిమిదేళ్ళ లోపు కుర్రాళ్ళు ఇరవై ముగ్గురు ఒకచోట చేరితే ఎన్ని తగాదాలు రావాలో అన్నీ వచ్చేవి. ఒక సబ్బు బిళ్ళ కోసం రెండు రోజులు మాటలు లేకుండా ఉన్నవాళ్ళున్నారు.

తొమ్మిదిన్నరకు దీపాలార్పాక అసలు కథ మొదలవుతుంది. పగలంతా మీసాలు దువ్విన కుర్రాడు దుప్పటి ముసుగేసి వెక్కుతూ ఉంటాడు. ఇంకొకడు నిద్రలో లేచి కూర్చుని “నాన్నా, వొద్దు నాన్నా” అంటాడు. దగ్గరకు పోయి తట్టితే ఇంకా భయపడతాడు. వాడికి మీదికి వచ్చే చెయ్యంటే ఒకటే అర్థం. అందుకని కాస్త దూరంగా కింద కూర్చుని, వాడి పేరు పెట్టి పిలిచి, “ఇది ఫలానా చోటు, నేను మాస్టార్ని, గంట ఒంటిగంటయింది” అని చెప్పాలి. గంట ఎందుకు చెప్పాలో నాకు తెలియదు గాని, చెబితే పడుకునేవారు.

పదిహేనేళ్ళ కుర్రాడొకడు పక్క తడిపేవాడు. రాత్రి మూడింటికి చప్పుడు లేకుండా లేచి, నూతి దగ్గర దుప్పటి ఉతికి, తడిదే కప్పుకుని పడుకునేవాడు. నలుగురికీ తెలిస్తే వాడు తెల్లారేసరికి గోడ దూకుతాడు. అప్పటినుంచీ రోజూ రెండింటికి నేను వాణ్ణి లేపి, “మోటారు ఆపానో లేదో చూసొద్దాం, తోడు రా” అనేవాణ్ణి. ఇద్దరం వెళ్ళేవాళ్ళం. మోటారు ఆపే ఉండేది. దారిలో వాడు పని చూసుకుని వచ్చేవాడు. ఏడు నెలలు అలా మోటారు చూశాం. అసలు సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తరవాత చీమల సంగతి ఒకటి. మాకు బెల్లానికి కొరత లేదు. మార్కెట్టులోని పాత స్నేహితులు పండక్కీ పబ్బానికీ ఒక దిమ్మ పంపుతూ ఉండేవారు. కొత్తగా వచ్చిన పిల్లవాడు ఎవరైనా సరే, మొదటి నెల తిండి దాస్తాడు. ఇడ్లీ, రొట్టె ముక్క, బెల్లం గడ్డ, ఏదయినా సరే తలగడ కింద పెడతాడు. ఆకలి వేసి కాదు; రేపు పెడతారో లేదోనని. తెల్లవారేసరికి చీమల బారు గోడ వెంట దిగి సరిగ్గా వాడి మంచం దగ్గరకు వచ్చి నిలబడేది. మిగతావాళ్ళు “దొంగ, దొంగ” అని కేకలు. నా ముందున్న ఆయన వారానికోసారి పక్కలు దులిపించి, దొరికినవన్నీ పారేయించేవాడట. నేను బజారునుంచి మూతలున్న డబ్బాలు పాతిక కొని, తలా ఒకటి ఇచ్చాను. అందులో మరమరాలు, బెల్లం ముక్క. “ఇది నీదే. ఎప్పుడైనా తిను, ఎంతైనా దాచుకో. అయిపోతే అడుగు” అని చెప్పాను. మొదటి వారం డబ్బాలన్నీ రోజుకు రెండు సార్లు ఖాళీ. నెల తిరిగేసరికి సగం మంది డబ్బాల్లో గోళీకాయలు, సినిమా బొమ్మలు, తెగిన చెవి ఫోన్లు చేరాయి. ఏ కుర్రాడి డబ్బాలో మరమరాలు పోయి గోళీలు వచ్చాయో వాడు కుదుటపడ్డాడన్నమాట. సంస్థవారు మూడు నెలలకోసారి పూర్తి చెయ్యమని పంపే నాలుగు పేజీల ఫారంలో ఈ సంగతి రాయడానికి గడి లేదు.

ఊరివాళ్ళు కనుపిస్తే ఒకటే సలహా: “రెండు తగిలించండి మాస్టారూ, దారికొస్తారు.” పెద్ద చదువులు చదివినవాళ్ళు గూడా అనేవారు. మా గుంటలు కొత్తలో తామే అడిగేవారు. ఒకడు కిటికీ అద్దం పగలగొట్టి నా ఎదుటకొచ్చి, చేతులు కట్టుకుని, “కొట్టండి మాస్టారూ, అయిపోద్ది” అన్నాడు. “అయిపోవడమేమిట్రా?” అంటే, “కొట్టీసినాక మరేటీ ఉండదు గదా” అన్నాడు. వాడి లెక్కలో దెబ్బంటే బాకీ చెల్లు. అందుకే నేను చెల్లనివ్వలేదు. నాతో బజారుకు వచ్చి అద్దం కొలత ఇచ్చి, మోసుకొచ్చి, మేకులు కొట్టి బిగించడానికి రెండు ఆదివారాలు పట్టింది. వాడు నన్ను చాలా రోజులు తిట్టుకున్నాడు.

చట్టం మాట అంటారా, పిల్లల గృహంలో పనిచేసేవాడు దారిలో పెట్టే మిషతో చెయ్యి చేసుకుంటే 82వ సెక్షను కింద మొదటిసారికి పదివేలు జరిమానా. మళ్ళీ చేస్తే మూడు నెలల దాకా జైలు గూడా. అయినా చెయ్యి లేచే చోట్లు ఉన్నాయి. నేను చూసిన మరొక గృహంలో (పేరు అనవసరం) కాపలావాడి కుర్చీ పక్కన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. అది మొక్కలకు నీళ్ళు పెట్టడానికని చెప్పాడు. ఆవరణలో ఒక్క మొక్క లేదు.

ఇది మన దేశానికే వచ్చిన జబ్బు అనుకోకండి. హిల్టన్ హోటళ్ళ కుటుంబంలో పుట్టిన పారిస్ హిల్టన్ అనే ఆవిణ్ణి 1990ల చివర, పదహారు పదిహేడేళ్ళ వయసులో, ‘దారికి తెచ్చే’ బడులకు పంపించారు. అక్కడ తన్నీ తోటి పిల్లల్నీ ఎలా హింసించారో ఆవిడ 2020లో లోకానికి చెప్పింది. ఇలాంటి సంస్థల మీద కన్నేసి ఉంచడానికి అమెరికావారు 2024 డిసెంబరులో ఒక చట్టం చేశారు. దానికోసం తిరిగినవాళ్ళలో ఆవిడ ముందుంది. కోటీశ్వరుల పిల్లకే అలా జరిగితే స్టేషన్లో దొరికిన కుర్రాడి మాట ఏమిటి? ఉక్రెయిన్‌లో పొల్తావా దగ్గర 1920లో వీధి బాలల కోసం కాలనీ పెట్టిన మకరెంకో మహానుభావుడు గూడా, మొదట్లో ఒక కుర్రాణ్ణి చెంప మీద కొట్టిన సంగతి తన పుస్తకంలోనే పెట్టాడు. చాలామంది ఆ ఘట్టాన్ని, దెబ్బ పనిచేసిందనడానికి సాక్ష్యంగా చెబుతారు. నేను మాత్రం ఆ పుస్తకంలో చలి, ఆకలి, నిద్రలేమి చూశాను. పొద్దున్న అయిదింటికి లేచి, పదకొండింటికి పడుకుని, రెండింటికి మళ్ళీ లేచే మనిషి మూడో నెలకు మంచివాడుగా మిగలడం కష్టం. పిల్లల గృహాల్లో జరిగే దుర్మార్గంలో సగం దుర్మార్గుల వల్ల జరగదు, రెండో మనిషి లేకపోవడం వల్ల జరుగుతుందని నా నమ్మకం. నాకు కోపం వచ్చినప్పుడు కుళాయి దగ్గరకు పోయి మొహం కడుక్కునేవాణ్ణి. కొన్నాళ్ళకు పిల్లలు అది కనిపెట్టారు. “ఒరే, మాస్టారు కుళాయి కాడికెల్తన్నారు, ఊరుకోండ్రా” అని వాళ్ళలో వాళ్ళే సర్దుకునేవారు. ఒకరోజు ఊరికే చెయ్యి కడుక్కుందామని లేస్తే హాలంతా నిశ్శబ్దమైపోయింది!

మా గృహానికి రైలు కట్ట ఎంతో దూరం కాదు. హౌరా-మద్రాసు లైను మీద రాత్రంతా బళ్ళు పోతూనే ఉంటాయి. స్టేషన్లలో బతికిన పిల్లలు చప్పుడు విని ఏది ఎక్స్‌ప్రెస్సో, ఏది గూడ్సో, ఏది అనకాపల్లిలో ఆగుతుందో చెప్పేవారు. పారిపోదామనుకున్నవాడు ఆగే బండి వేళకు మేలుకుని ఉంటాడు. నేనూ మేలుకుని ఉండేవాణ్ణి. ఎదురుగా పోయి అడ్డం నిలబడేవాణ్ణి కాదు. గేటు దగ్గర బెంచీ మీద కూర్చునేవాణ్ణి. వాడు వచ్చి, నన్ను చూసి, పక్కన కూర్చుని, “నిద్దర్రాట్లేదండీ” అనేవాడు. బండి కూత వేసి పోయేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆరేళ్ళలో పదకొండు మంది పోయారు. ఏడుగురు మళ్ళీ వచ్చారు, అందులో ఇద్దరు తమంతట తామే.

2020 మార్చిలో ఆ చప్పుడే ఆగిపోయింది. కొత్త అమావాస్యకు నూకాంబిక అమ్మవారి జాతర అంటే మా పిల్లలకు పెద్ద పండుగ. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని రెండు జట్లుగా తీసుకుపోయేవాళ్ళం. కనుమనాడు బొజ్జన్నకొండ, కొత్త అమావాస్యకు అమ్మవారు, ఈ రెండిటి కోసమే ఏడాదంతా బుద్ధిగా ఉంటామని మొక్కుకునేవాళ్ళుండేవారు. ఆ ఏడు మార్చి 24న అమావాస్య. మర్నాడు ఉగాది. ఉగాదినాటి నుంచే దేశమంతా లాక్‌డౌన్. అంతకు రెండు రోజుల ముందే ప్రయాణీకుల రైళ్ళు నిలిపేశారు. మర్నాడు రాత్రి ఒంటిగంటకు చూస్తే తొమ్మిది మంది పక్కల మీద లేచి కూర్చున్నారు. “ఏమిట్రా?” అంటే ఒకడు, “బళ్ళు రాట్లేదు మాస్టారూ” అన్నాడు. గూడ్సు బళ్ళు మాత్రం అప్పుడప్పుడూ పోయేవి. అవి వచ్చినప్పుడు నిద్రపోయేవారు.

పిన్ని రాలేకపోయింది. రెండో ఉద్యోగి సెలవు మీద శ్రీకాకుళం పోయి అక్కడే చిక్కుకుపోయాడు. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఆవిణ్ణి డెబ్భై రెండు రోజులు చూడలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు చేసింది: పిల్లల గృహాల్లో గుంపు తగ్గించే దారి చూడండి, ఇళ్ళకు పంపదగ్గవాళ్ళను పంపండి అని. ఫోన్ల మీద ఫోన్లు. పర్మిట్లు సంపాదించుకుని తండ్రులు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. ఆరు నెలలుగా కబురు పంపినా పలకని మేనమామ ఒకాయన నర్సీపట్నం అవతలనుంచి వచ్చి, గేటు బయటే నిలబడి, మేనల్లుణ్ణి చూసి బావురుమన్నాడు. చావుభయం మనుషులకు చుట్టరికాలు జ్ఞాపకం చేస్తుంది కాబోలు. పిల్లలుండవలసింది ఇళ్ళల్లోనేననీ, మాలాంటి చోట్లు ఆఖరి మార్గమనీ చట్టం చెబుతుంది. నేనూ అదే అంటాను. వెళ్ళిన పదిహేను మందిలో పదకొండు మంది మళ్ళీ మా దగ్గరకు రాలేదంటే సంతోషించవలసిన సంగతే.

కాని ఆ పది రోజులూ మిగిలిన ఎనిమిది మంది గేటు వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. మోటారు సైకిలు చప్పుడయితే చాలు, ఎనిమిది తలలు కిటికీలోకి వచ్చేవి. తరవాత తరవాత రావడం మానేశాయి.

ఆ ఎనిమిది మందిలో పెద్దవాడికి పదిహేడు దాటాయి. ఏజెన్సీ అంచున ఒక పల్లె వాడిది. తండ్రి ఒక వ్యాపారికి బాకీ పడ్డాడు. వ్యాపారి ఈ కుర్రాడికి సంచీ ఒకటి ఇచ్చి, బస్సెక్కి హైవే దాకా తీసుకుపొమ్మన్నాడు, చింతపండన్నాడు. కొత్త సెల్‌ఫోను కొనిపెడతానన్నాడు. సంచీలో గంజాయి. ఇరవై కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం కిందికి వచ్చి శిక్ష పదేళ్ళకు తగ్గదు. పదహారు దాటిన పిల్లవాడయితే పెద్దవాడిలాగా విచారించాలా అన్న ప్రశ్న గూడా వస్తుంది. ఇరవైకి లోపే ఉండబట్టి బతికాడు. బోర్డువారు షరతు మీద మా దగ్గర పెట్టారు. సంచీ ఇచ్చిన వ్యాపారి ఊళ్ళోనే ఉన్నాడు. ఏజెన్సీ గంజాయి కేసుల్లో పట్టుబడేది ఎక్కువగా మోసేవాళ్ళే. మూట కట్టించినవాడు దొరకడం తక్కువ.

పిన్ని లేని ఆ రెండున్నర నెలలూ వంట వాడే చేశాడు. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, పప్పు. మిగతా ఏడుగురికీ వాడి మాటంటే మాటే. ఆగస్టుతో పద్ధెనిమిదేళ్ళు నిండుతాయి, బోర్డు వేసిన గడువూ అప్పటికే తీరుతుంది. పద్ధెనిమిది నిండిన మర్నాడు మా గృహంలో ఉండకూడదు. నిండినవాళ్ళకు ఆసరా ఇవ్వవచ్చని 46వ సెక్షను అంటుంది. నెలకు 4,000 రూపాయల సాయం మిషన్ వాత్సల్య పథకంలో 2022లో వచ్చింది. 2020 ఆగస్టులో మా చేతిలో ఉన్నది ఒక కాగితం, ఒక దుప్పటి, బస్సు చార్జీ.

తండ్రికి ఫోను చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “ఇప్పుడొద్దు బాబూ. ఆడొస్తే ఆళ్ళు మళ్ళీ ఒస్తారు” అన్నాడు. కఠినుడనుకోవడానికి వీల్లేని గొంతు అది.

ఊళ్ళో మోటార్లకు తీగ చుట్టే షాపు ఒకటి ఉంది. యజమానికి బెల్లం మార్కెట్టు రోజులనుంచీ నాతో పరిచయం. పనివాడు కావాలన్నాడు. షాపు మీద చిన్న గది గూడా ఉంది. కుర్రాణ్ణి తీసుకుపోయాను. పిల్లతనంలో చేసిన తప్పు తరవాత ఏ ఉద్యోగానికీ అడ్డం రాకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ కేసు సంగతి చెప్పవలసిన అవసరమే లేదని దారిలో వాడికి చెప్పాను. యజమాని, “ఎక్కడినుంచి వస్తున్నావు? ఇంతకు ముందేం చేశావు?” అని అడిగాడు. వాడు నా మొహం చూశాడు. నేను గోడమీద కాలెండరు చూశాను. వాడే మొదలుపెట్టి సంచీ సంగతి, బస్సు సంగతి, అన్నీ చెప్పేశాడు.

యజమాని కాసేపు కాయిలు చుట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి, “రేపు ఎనిమిదింటికి రా. గల్లా పెట్టె తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది” అన్నాడు. వాడు, “ఉండనీండి” అన్నాడు. ఆ బేరం నాకు బాగానే ఉందనిపించింది.

నాలుగు నెలలు పని చేశాడు. డిసెంబరులో ఒకరోజు కనపడలేదు. పదకొండు రోజులు జాడ లేదు. యజమాని నాకు ఫోను చేసి, కోపంగా కాదు, విచారంగా, “పోనాడండీ మీ కుర్రోడు” అన్నాడు. పన్నెండో రోజు పొద్దున్న ఎనిమిదింటికి షాపు మెట్లమీద కూర్చుని ఉన్నాడట. చెల్లెలి పెళ్ళికి ఊరి బయటిదాకా పోయి, చూసి వచ్చాడు. “ఒక్క మాట అడిగితే నేనే పంపేవాణ్ణి గదరా” అంటే, “అడిగితే ఒద్దంటారు కదండీ” అన్నాడట. ఏడాదిన్నర గేటు లోపల పెరిగినవాడికి అడగడమంటే అంతే తెలుసు. సెలవు అడగడం అనే చిన్న విద్యను మేము ఒక్కడికీ నేర్పమని ఆరోజే నాకు తట్టింది. ఆ తరవాత పదహారు దాటిన పిల్లల చేత నెలకోసారి కాగితం రాయించి, సంతకం పెట్టి, ఒంటరిగా బజారుకు పంపడం మొదలుపెట్టాను. సంస్థవారు మొదట ఒప్పుకోలేదు. రెండు మీటింగుల తరవాత ఒప్పుకున్నారు.

బ్యాంకులో ఖాతా తెరవడానికి వెళ్ళినప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. శాశ్వత చిరునామా రాయమన్నారు. పల్లె చిరునామా వాడు రాయనన్నాడు. గృహం చిరునామా రాయకూడదు. షాపు మీద గది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఫారం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ ఆ కాగితం తీసుకుని, అద్దాలు పెట్టుకుని, గవరపాలెంలో మా ఇంటి నంబరు రాసి ఇచ్చింది. నన్ను అడగలేదు.

వాడిప్పుడు అనకాపల్లిలో లేడు. పంప్‌సెట్ల పని మీద ఊళ్ళు తిరుగుతూ ఉంటాడు. బ్యాంకు కాగితాలు మాత్రం మా ఇంటికే వస్తున్నాయి. మొన్న రిజిస్టరు కవరొకటి వచ్చింది. పోస్టుమాను కొత్తవాడు, పేరు చదివి, “ఈ పేరుగలాయన ఇక్కడెవరండీ?” అని అడిగాడు. మా ఆవిడ, “మావాడే. పనికెళ్ళాడు” అని సంతకం పెట్టి తీసుకుంది.